మాట యేది, ఆజ్ఞ యేది?



టెలిఫోను తీగె మీదుగా కంప్యూటరులు సంభాషించుకొనిన కాలము మీలో పెక్కుమందికి జ్ఞప్తియందే యుండును. ముందు టెలిఫోను మీటల నాదము, పిదప రెండు పిట్టలు పోట్లాడుకొనునట్టి కీచుధ్వని, ఆపై బుసకొట్టుట, తుదకు నిశ్శబ్దము. అంతట ఇంటర్నెట్టు చేతికి దొరకెడిది. ఆ ధ్వనులు చేయు పెట్టె పేరు మోడెము. నేడు మన యిండ్లలో నది కానరాదు. అయినను దాని లోపల నొక చిన్న చిక్కు దాగియుండెను. ఆ చిక్కును విప్పిన యుపాయమును గూర్చియు, ఆ యుపాయముపై అమెరికాలో నడచిన వ్యాజ్యమును గూర్చియు, ఆ వ్యాజ్యపు పర్యవసానము మా శృంగవరపుకోట వఱకు ఎట్లు వచ్చినదను సంగతిని గూర్చియు నేడు మీకు విన్నవింప దలచితిని.

వ్యాకరణము చదువుకొని, బడిలో తెలుగు చెప్పి విరమించినవానికి మోడెముతో నేమి పని యని మీరడుగవచ్చును. ఈ చిక్కు యంత్రశాస్త్రమునకు చెందుటకు ముందే వ్యాకరణమునకు చెందినది. నాకు దీనిపై మక్కువ కలుగుటకు కారణ మదియే.

ఉపాధ్యాయుడు తరగతిలో ఉక్తలేఖనము చెప్పుచున్నాడనుకొనుడు. “రాముడు అడవికి వెళ్ళెను, పూర్ణవిరామము” అని యనును. తెలివిగల పిల్లలు వాక్యము వ్రాసి చివర చుక్క పెట్టుదురు. ప్రతి సంవత్సరము ఆఱవ తరగతిలో ఒక పిల్లవాడైనను “రాముడు అడవికి వెళ్ళెను పూర్ణవిరామము” అని నిండుగ వ్రాసికొని వచ్చును. తోడిపిల్లలు నవ్వుదురు. నే నెన్నడును నవ్వలేదు. గురువు గొంతు ఒక్కటే. ఆ గొంతు గుండనే వ్రాయవలసిన మాటయు వచ్చినది, ఎట్లు వ్రాయవలయునో చెప్పు ఆజ్ఞయు వచ్చినది. రెంటిని వేఱుచేయు గుర్తు వానికి అందలేదు. అందులో వాని దోషమేమున్నది?

మన భాష యీ చిక్కును ఎన్నడో యెఱుగును. “రమ్ము” అనిన నది ఆజ్ఞ. “రమ్మని చెప్పెను” అనినపుడు అదే “రమ్ము” ఆజ్ఞ కాకపోయినది. “అని” యను చిన్న మాట దానిని కట్టివైచినది. పాణిని మహర్షి యీ విషయమున మఱింత జాగరూకుడు. వ్యాకరణసూత్రములో అగ్నిశబ్దము వచ్చినచో ఆ శబ్దరూపమునే గ్రహింపవలయును గాని దాని యర్థమును గాదని వేఱుగ నొక నియమము చేసెను. లేనిచో అగ్నికి ప్రత్యయము చేర్చుమనగానే శిష్యుడు పొయ్యి దగ్గఱకు పరుగెత్తును! అంతేకాదు. ధాతువులకును ప్రత్యయములకును ఆయన కొన్ని యక్షరములను తగిలించెను. అవి ఉచ్చరించుటకు గావు. ఇచట వృద్ధి చేయుము, ఇచట గుణము చేయకుము అని వైయాకరణునకు చేయు సంజ్ఞలు. వానికి ఇత్తులని పేరు. పని ముగియగనే అవి లోపించును. మాటలోనే ఆజ్ఞను పొదిగి పంపు పద్ధతి యిది.

ఇక మోడెము సంగతి. కంప్యూటరునకు సున్న, ఒకటి అను రెండు సంకేతములే తెలియును. టెలిఫోను తీగె మానవకంఠము కొఱకు వేయబడినది. దానిపై స్వరములు పోవును గాని సున్నలు, ఒకట్లు తమంత తాము పోజాలవు. సున్నకు ఒక స్వరము, ఒకటికి వేఱొక స్వరము కల్పించి తీగెపై పాడుట, అవతలివైపు ఆ పాటను విని మరల సున్నలుగ, ఒకట్లుగ వ్రాసికొనుట మోడెము పని. తొలినాటి మోడెములు సెకనునకు 300 సంకేతములు పంపుచుండెను; అనగా సుమారు 30 అక్షరములు. 1998 నాటికి వచ్చిన ప్రమాణము దిగుమతి విషయమున 56,000 సంకేతముల వఱకు పోయినది. పైకి పంపుట మాత్రము 33,600 దగ్గఱ నిలిచినది.

పూర్వము మనుష్యుడే టెలిఫోను సంఖ్య త్రిప్పి, అవతల కూత వినబడగనే రిసీవరును రెండు రబ్బరు దొప్పలలో బోర్లించుచుండెను. అమెరికాలోని జార్జియా రాష్ట్రములో డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అను నిరువురు కలిసి మోడెములు చేయ మొదలిడిరి. 1981లో వారు స్మార్ట్‌మోడెమ్ అను పెట్టెను వెలువరించిరి. దాని విశేషమేమనగా, టెలిఫోను త్రిప్పుట, ఎత్తుట, పెట్టివేయుట మున్నగు పనులన్నియు కంప్యూటరే మోడెమునకు మాటలలో చెప్పవచ్చును. ఆ మాటలు కూడ తేలికయైనవి. ముందుగ ఏ, టీ అను రెండక్షరములు. అవధానము అను అర్థముగల ఆంగ్లపదమునకు సంక్షేపము. మన బడులలో డ్రిల్లు మాస్టరు కేక వైచునట్టిదే. పిదప డీ యనిన సంఖ్య త్రిప్పుము, ఏ యనిన వచ్చిన పిలుపు నందుకొనుము, హెచ్ అనిన పెట్టివేయుము. పని సరిగ నైనచో మోడెము ఓకే యని బదులు చెప్పును.

చిక్కెల్ల ఇచటనే. కంప్యూటరునకు మోడెమునకు నడుమ నున్న త్రాటిలో అక్షరములు పోవు దారి యొక్కటే. పిలుపు కలియకముందు ఆ దారిన వచ్చునదంతయు ఆజ్ఞ. కలిసిన వెనుక ఆ దారిన వచ్చునదంతయు మాట. మోడెము దానిని పరీక్షింపదు, అర్థము చేసికొనదు, అవతలికి పాడుచు పోవును. సరే, ఇపుడు టెలిఫోను పెట్టివేయుమని చెప్పవలెననిన నెట్లు చెప్పుట? ఏటీహెచ్ అని పంపినచో ఆ మూడక్షరములును అవతలికే పోవును. దొరకిన పిల్లవాడు పూర్ణవిరామము అని వ్రాసికొనినట్లే యగును.

దీనికి వేఱు తీగె యొకటి వేసి ఆజ్ఞ దాని వెంట పంపవచ్చును. మా యూరి మీదుగ కొత్తవలస నుండి కిరండూలునకు రైలుమార్గము పోవుచున్నది. ఇనుపఖనిజము నింపిన బండ్లు పట్టాలపై పోవును. ఆగుము, పొమ్ము అని చెప్పు ఎఱ్ఱ, పచ్చ దీపములు పట్టాల ప్రక్క స్తంభములపై నుండును. ఖనిజములో దీపమును కలిపి పంపువా రెవ్వరును లేరు. మోడెము త్రాటిలోను అట్టి ప్రక్కతీగెలు కొన్ని లేకపోలేదు. కాని ఆనాటి కంప్యూటరులు నానావిధములు. అన్ని యంత్రములును, అన్ని ప్రోగ్రాములును ఆ తీగెలను ఒకే తీరుగ వాడుకొనునను నమ్మకము లేదు. ఎట్టి యంత్రమునకైనను అక్షరములను పంపుట మాత్రము వచ్చును.

రెండవ మార్గము ఒక యక్షరమును ఆజ్ఞకే ప్రత్యేకించి, మాటలలో నది రాకుండ నిషేధించుట. భారతీయ ప్రమాణముగ 1991లో వెలువడిన ఇస్కీ సంకేతావళిలో నిట్టి యేర్పాటు గలదు. ఇక నుండి తెలుగులిపి, ఇక నుండి కన్నడలిపి యని చెప్పుటకు ఒక సంకేతమును వేఱుగ నుంచిరి. అది యే భాషలోను అక్షరము గాదు. వ్రాతకు మాత్రమే సంబంధించినచోట ఇది చెల్లును. మోడెము గుండ వ్రాతలే గాక చిత్రములు, ప్రోగ్రాములు, సంగీతము పోవును. వానిలో నున్న 256 సంకేతములలో ఏదైనను ఎపుడైనను రావచ్చును. దేనిని నిషేధింతుము?

మూడవది, అరుదుగ వచ్చు కూర్పు నొకదానిని ఆజ్ఞకు ద్వారముగ పెట్టుకొనుట. కూడిక గుర్తు వెంటవెంట మూడుసార్లు, +++ అని, వచ్చినపుడు ఇక వచ్చునది ఆజ్ఞ యని మోడెము గ్రహింపవలయును. ఇట్లు ఆజ్ఞాస్థితికి తప్పించుకొని వచ్చుటకు పెట్టుకొనిన కూర్పును తప్పింపు వరుస యందురు. మాటలలో +++ యెవరు వ్రాయుదురు? లెక్క వేసి చూడుడు. యాదృచ్ఛికముగ వచ్చు సంకేతములలో ఆ మూడును వరుసగ పడుట సగటున 1,67,77,216 పర్యాయముల కొక్కటి. సెకనునకు 30 అక్షరములు పోవునపుడు ఆఱు దినములకు మించి కాలము పట్టును, ఫరవాలేదనిపించును. వేగము పెరిగిన కొలది ఆ ధైర్యము కరగిపోవును. 33,600 సంకేతముల వేగమున అదే యాపద సుమారు గంటకొకసారి వచ్చి కూర్చుండును. పెద్ద ఫైలు పంపుచున్నవాని నడుము విరిగిపోవును.

హెదరింగ్టన్ చేసిన యుపాయ మేమనగా, ఆ మూడు గుర్తులకు ముందొక సెకను, వెనుకనొక సెకను నిశ్శబ్దము ఉండవలయును. కంప్యూటరు ఒక సెకను పాటు ఏమియు పంపక ఊరకుండి, +++ పంపి, మరల ఒక సెకను ఊరకున్నచో నది ఆజ్ఞ. ఏ యొక్క వైపున నిశ్శబ్దము లేకపోయినను అవి వట్టి కూడిక గుర్తులే, అవతలికి పోవలసినవే. ఈ నిశ్శబ్దమునకు రక్షణకాలమని పేరు పెట్టిరి. నాకు మాత్రము ఇది వినగనే అవసానము జ్ఞప్తికి వచ్చినది. వర్ణములు మిక్కిలి దగ్గఱగ కలిసియుండుట సంహిత. వర్ణముల విరామము అవసానము. సంహితలో సంధి జరుగును, ఒక మాట మఱొక మాటలో కలిసిపోవును. విరామమున్నచోట ఏ మాటకా మాట విడిగ నిలిచి తన స్వరూపమున వినబడును. ఫైలు మధ్యలో నున్న +++ సంహితలోనిది, ప్రవాహములో కలిసిపోవును. రెండువైపుల అవసానమున్న +++ ప్రవాహమునుండి వేఱుపడి ఆజ్ఞకు తలుపు తీయును.

ఇది పనిచేయుటకు కారణము ప్రవాహస్వభావము. ఫైలు పంపుచున్న యంత్రము ఊపిరి తీసికొనదు. మూడక్షరములకు అటునిటు సరిగ ఒక్కొక్క సెకను ఆగుట దానికి సాధారణముగ తటస్థింపదు. పూర్తిగ అసంభవమని చెప్పను. సరిగ ఆ తావుననే యంత్రము మందగించినచో, లేక మనుష్యుడే +++ అని కొట్టి ఆలోచించుచు కూర్చుండినచో మోడెము భ్రమపడును. ఆ పాటి భ్రమకు ఓర్వవచ్చును. పైగా మోడెములో కొన్ని చిన్న గడులు గలవు. వానిలో పండ్రెండవ గడిలో నిశ్శబ్దపు నిడివి యుండును. సెకనులో ఏబదవ వంతు లెక్కన 50 అని మొదటనే వ్రాయబడి యుండును. రెండవ గడిలో కూడిక గుర్తు సంఖ్య 43 ఉండును. కావలసినవాడు మార్చుకొనవచ్చును. +++ పంపినంత మాత్రమున పిలుపు తెగదని కూడ గమనింపుడు. మోడెము ఆజ్ఞ వినుటకు చెవి యొగ్గును, అంతే. చెప్పవలసినది చెప్పి, ఏటీఓ యనినచో మరల సంభాషణలోనికి పోవును.

ఈ యుపాయమునకు అమెరికా ప్రభుత్వము 1985 అక్టోబరు 22వ తేదీన 4,549,302 అను సంఖ్యతో పేటెంటు నిచ్చినది. హక్కుదారు హేస్ సంస్థ. పేటెంటనగా, నీవు కనుగొనిన దానిని లోకమునకు విప్పి చెప్పుము. అందుకు ప్రతిఫలముగ కొంతకాలము నీ యనుమతి లేక యితరులు దానిని చేయకుండ నిలుపు హక్కు నీకిత్తుము అను నొప్పందము. ఆనాటి అమెరికా చట్టము ప్రకారము ఆ కాలము మంజూరైన నాటినుండి 17 ఏండ్లు.

ఇంతలో లోకము ఏటీ ఆజ్ఞలకు అలవాటు పడిపోయినది. ప్రోగ్రాములన్నియు వానినే యుద్దేశించి వ్రాయబడినవి. హేస్‌తో సరిపోవును అను మాట పెట్టెపై లేనిచో మోడెము అమ్ముడుపోదు. ఏటీ ఆజ్ఞలను వాడుకొనుట కెవరును అడ్డము రాలేదు గాని, సరిపోవలెననిన +++ ఉండవలెను. +++ నిరపాయముగ నుండవలెననిన నిశ్శబ్దము ఉండవలెను. ఆ నిశ్శబ్దముతో కూడిన యంత్రము హేస్‌వారి సొత్తు. రుసుము చెల్లించి అనుమతి పొందుమని హేస్‌వారు పోటీదారులను కోరిరి. కొందఱు చెల్లించిరి. ఎవరెక్స్, వెన్‌టెల్, ఆమ్నిటెల్ అను సంస్థలతో వ్యాజ్యము నడచినది. 1991లో కాలిఫోర్నియాలోని న్యాయస్థానమున జ్యూరీవారు హేస్ పక్షమున తీర్పు చెప్పిరి. 1992లో పేటెంటు అప్పీళ్ళను విను పై న్యాయస్థానము దానిని స్థిరపఱచెను.

ఆ యప్పీలులోని వాదమొకటి నాకు రుచించినది. మోడెములో కాలమును కొలిచి నిశ్శబ్దమును గుర్తించునది యొక చిన్న ప్రోగ్రాము. పేటెంటు పత్రములో ఆ ప్రోగ్రాము పూర్తిగ వ్రాసి యీయలేదు గనుక లోకమునకు విప్పి చెప్పినట్లు కాదని ప్రతివాదులు వాదించిరి. ఏమి చేయవలయునో స్పష్టముగ చెప్పిన చాలును, ఆ విద్యలో నేర్పరియైనవాడు ప్రోగ్రాము తానే వ్రాసికొనగలడని న్యాయస్థానము పలికెను. సూత్రము చెప్పిన చాలును, ఉదాహరణములన్నియు సూత్రకారుడే యీయనక్కఱలేదు అనినట్లున్నది. శాస్త్రము చదువుకొనినవానికి ఇది న్యాయముగనే తోచును.

నిశ్శబ్దమునకు పన్నేమిటని ఆనాడు వెక్కిరించినవారు గలరు. విరామము హెదరింగ్టన్ పుట్టించినది కాదు, నిజమే. మంత్రము చదువువాడును, పద్యము చదువువాడును, గురువునెదుట అప్పగించు పిల్లవాడును విరామమును వాడుకొనుచునే యున్నారు. ఈ యంత్రములో, ఈ చిక్కునకు, ఈ విధముగ దానిని నియోగించుట మాత్రము ఆయన బుద్ధివిశేషము. అందుకు ప్రతిఫలము కోరుట తప్పని నేననను. లోకమంతయు ఒక పలుకుబడికి అలవాటుపడిన పిదప ఆ పలుకుబడిలోని యొక యూపిరికి వెల కట్టినచో జనము దారి మార్చుకొనుట కూడ సహజమే. మార్చుకొనిరి. ఎట్లు మార్చుకొనిరన్నదే నా ఫిర్యాదు.

1991లో కొందఱు తయారీదారులు వేఱొక పద్ధతిని తెచ్చిరి. కాలముతో సంబంధము లేని తప్పింపు వరుస యని దాని పేరు. పొడి అక్షరములలో టైస్ అందురు. దానిలో నిశ్శబ్దము లేదు. +++ వచ్చి, దాని వెంటనే ఏటీ యని, పిదప చెల్లుబడి యగు ఆజ్ఞయొకటి, ఆపై పంక్తి ముగింపు వచ్చినచో నది ఆజ్ఞయే యని మోడెము గ్రహించును. వారి లెక్క వారికున్నది. మూడక్షరములకు బదులు అయిదక్షరములు వరుసగ యాదృచ్ఛికముగ పడుట లక్ష కోట్ల పర్యాయములలో నొక్కటి. ఆపై ఆజ్ఞ, పంక్తి ముగింపు కూడ కలియవలెను. ఇక భయమేమి? దీనివలన సమాచారము మధ్యలో తెగునని హేస్‌వారు ప్రకటనలలో హెచ్చరించిరి. హక్కు పోవుచున్నవాడు కూయక మానునా యని జనము చెవిని పెట్టలేదు.

లెక్క సరియైనదే. లెక్కలో చేరని దొకటి యున్నది. మనుష్యులు పంపునవి యాదృచ్ఛికమైన సంకేతములు గావు. మనుష్యుడు దేనిని గూర్చి యైనను మాటలాడును; మోడెమును గూర్చియు మాటలాడును. మోడెమును గూర్చి వ్రాయువాడు +++ఏటీహెచ్ అని ఆంగ్లాక్షరములలో వ్రాయక యెట్లు వ్రాయును?

మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్‌వారు 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టును తెఱచిరి. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించినది. హైదరాబాదు సత్యం కంప్యూటర్సువారి సత్యం ఇన్ఫోవే వానిలో మొదటిది. కొలది యేండ్లలో చిన్న పట్టణములలో కూడ ఇంటర్నెట్టు దుకాణములు వెలసినవి. మా యూరిలో నా పూర్వశిష్యు డొకడు నాలుగు కంప్యూటరులతో నట్టి దుకాణము పెట్టెను. నాల్గింటికి కలిపి ఒక టెలిఫోను, ఒక మోడెము. ఆ మోడెము ఏ దేశమున తయారైనదో దానిపై లేదు. పేరుగల కంపెనీదియు గాదు.

2001లో ఇంటరు ఫలితములు వెలువడిన దినమున నే నక్కడికి పోయితిని. ఘాటు పైనుండి దిగివచ్చిన పిల్లలు కొందఱు, చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చినవారు కొందఱు, హాలుటిక్కెట్లు చేత పట్టుకొని గుమ్మము బయట నిలిచియున్నారు. పిలుపు కలియుటయే దుర్లభముగ నున్న దినమది. ఎంగేజి నాదము వినివిని ఎట్టకేలకు కలియును. కలిసిన పది నిమిషములకు తెగును. మరల మొదటినుండి. ఇరువది మంది పిల్లల ముఖములు గుమ్మములో వ్రేలాడుచున్నవి. తీగె పాడైనదని లైన్‌మనును పిలిపించిరి. ఆయన చూచి తీగె బాగుగనే యున్నదనెను.

శిష్యుడు నన్ను చాటుకు పిలిచి, “మేష్టారూ, బొబ్బిల్లో మా స్నేహితుడికి ఒక ఉత్తరం రాసేనండి. అదొక్కటే ఎల్లట్నేదు. దాన్ని పంపినప్పుడల్లా లైను తెగిపోతంది. మిగతావన్నీ బాగానే ఎల్తన్నాయి” అని చెప్పెను. పోని యుత్తరమును ఆ ప్రోగ్రాము తనంత తానే మరల మరల పంప చూచుచున్నదట. ఉత్తరము చూపుమంటిని. బొబ్బిలి స్నేహితునకును అదే జాతి మోడెము. పిలుపును ఎట్లు తెంచవలయునో వానికి తెలియదు. మావాడు ఓపికగ వివరించెను: మొదట ఈ పంక్తి కొట్టుము అని చెప్పి, దాని క్రింద +++ను, వెంటనే ఆంగ్లాక్షరములలో ఏటీహెచ్‌ను వ్రాసి, పంక్తి ముగించెను. ఉత్తరములోని ఆ పంక్తి తీగె నెక్కబోవుచుండగా నడుమ నున్న మోడెము విని, తనకే చెప్పిరని తలచి, వినయముతో టెలిఫోను పెట్టివేయుచున్నది!

ఆ గుర్తులను తీసివైచి, కూడిక గుర్తు మూడుసార్లు అని మాటలలో వ్రాయుమంటిని. వ్రాసెను. ఉత్తరము పోయినది, పిలుపు తెగలేదు. పెట్టెతో వచ్చిన పలుచని పుస్తకములో వెదకగా, తప్పింపు వరుసకు ముందు వెనుకల విరామ మక్కఱలేదని చిన్న యక్షరములలో నొక పంక్తి కనబడినది. అదేదో సౌకర్యమైనట్లు వ్రాసిరి.

అమెరికా పేటెంటు అమెరికాలోనే చెల్లును. శృంగవరపుకోటలో దానికి అధికారము లేదు. కాని మోడెములోని చిప్పులు ఊరూరికి వేఱుగ చేయరు. అమెరికా బజారులో రుసుము తప్పించుకొనుటకు తీసివేసిన నిశ్శబ్దము ప్రపంచమందు ఎచట అమ్మిన పెట్టెలోనైనను లేకపోవచ్చును. ఆ పిల్లలకు హేస్ ఎవరో తెలియదు, టైస్ అనగా నేమో తెలియదు. గుమ్మములో నిలుచుండుట మాత్రము వారి వంతైనది. రుసుము చెల్లింపకుండ తప్పించుకొనుట వ్యాపారుల యిష్టము. విరామము తీసివైచితిమని కొనువానికి పెద్ద యక్షరములలో చెప్పవలసిన బాధ్యత లేదా?

పొరపాటున జరిగినదానిని కావలెనని చేయువారును బయలుదేఱిరి. ఇంటర్నెట్టులో ఒక కంప్యూటరు మఱొకదానిని ఉన్నావా యని పలుకరించు పద్ధతి గలదు, పింగ్ అందురు. పలుకరింపులో ఏ మాట యున్నదో ఆ మాటనే తిరిగి చెప్పుట దానికి బదులు. 1998లో కొందఱు ఆ పలుకరింపులో +++ను, పెట్టివేయుమను ఆజ్ఞను చేర్చి పంపుట మొదలిడిరి. పాపము ఆ కంప్యూటరు మర్యాదగ అదే మాటను మరల చెప్పబోవును. మోడెము తన కంప్యూటరు నుండి వచ్చు మాటనే గదా కాచుకొనియుండును! తక్షణమే పిలుపు తెంచును. ఎదుటివాని వ్రేలితో వాని కన్నే పొడిపించుట యిది. రక్షణకాలము గల మోడెములకు ఈ యాపద లేదు. తక్కినవారు రెండవ గడిలో 127కు మించిన సంఖ్య వ్రాసి, తప్పింపు వరుసనే మూసివేయవలసి వచ్చెను. మా శిష్యుడును అట్లే చేసెను. పిలుపు తెంచుటకు ప్రక్కతీగెను వాడు ప్రోగ్రాములు అప్పటికి సర్వసాధారణమైనవి.

ఈ జబ్బు మోడెములతో పుట్టినది కాదు. అమెరికా టెలిఫోను వ్యవస్థలో దూరపు పిలుపులకు సంబంధించిన సంజ్ఞలు మనుష్యులు మాటలాడు తీగెపైననే స్వరములుగ పోవుచుండెను. సెకనునకు 2,600 కంపనములు గల స్వరమును ఊదినచో తీగె ఖాళీయైనదని యంత్రము తలచెడిది. 1960, 70 దశకములలో దీనిని కనిపెట్టినవారు ఈలలతో, చిన్న పెట్టెలతో ఉచితముగ లోకమంతయు మాటలాడిరి. తుదకు టెలిఫోను సంస్థలు సంజ్ఞలను వేఱు మార్గమునకు మరల్చిరి. స్తంభముపై దీపము పెట్టిరన్నమాట. నేడు ఉత్తరములు చదివి సారాంశము చెప్పు కృత్రిమమేధా యంత్రములు వచ్చినవి. చదువుమని యిచ్చిన యుత్తరములోనే ఎవరో యొక ఆజ్ఞను వ్రాసి పెట్టినచో ఆ యంత్రము దానిని చదువక చేయబోవుచున్నదని వినుచున్నాము. “అని” యను మాటను వానికి నేర్పుట యెట్లో పండితులు తలలు పట్టుకొనియున్నారు.

హేస్ సంస్థ చరిత్ర ఆ తరువాత చాల కాలము సాగలేదు. 1994లో దివాలా రక్షణ కోరి, కోలుకొని, 1998లో మరల కుప్పకూలినది; 1999లో దాని యాస్తి విక్రయింపబడెను. పేటెంటు గడువు 2002 అక్టోబరుతో తీరినది. నాటినుండి ఆ సెకను నిశ్శబ్దము ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చును.

వాడుకొనుచునే యున్నారు. సెల్‌ఫోను వ్యవస్థకు ప్రమాణములు వ్రాసినవారు ఏటీ ఆజ్ఞలనే స్వీకరించిరి. మా యూరి చుట్టు పొలములలో రైతులు ఇంటినుండియే సెల్‌ఫోనుతో మోటారును నడుపుకొనుటకు బావి దగ్గఱ చిన్న పెట్టెలు పెట్టుకొనుచున్నారు. అట్టి పెట్టెల లోపల నుండు సెల్‌ఫోను మోడెము ముక్కలు పెక్కింటికి ఏటీ యనిననే చెవి తిరుగును. సంభాషణలో నున్నపుడు +++ అనినను, ముందు వెనుకల విరామము లేనిదే అవి పలుకవు. బాగుచేయ వచ్చిన కుఱ్ఱవాడు గట్టుపై కూర్చుండి, ల్యాప్‌టాపుపై మూడు గుర్తులు కొట్టి, చేతులు మీటలనుండి తీసి ఒక సెకను ఊరకుండును. ఓకే యని కనబడిన పిమ్మట పని మొదలిడును.